క్రాంక్ మీద సత్తెమ్మ పేరు

కొత్తది వేయాలా, రీకండిషన్ది వేయాలా? మేడ్చల్‌లో హైవే పక్కన ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం నడిపినన్నాళ్లూ నా కౌంటర్ అవతల నిలబడ్డ మనుషులు ఎక్కువగా అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. నేను ఎక్కువగా చెప్పింది కూడా ఒక్క జవాబే: నా అరలో ఏది ఉంటే అదే మంచిదని. ఈ మధ్య మా బంధువుల అబ్బాయి ఒకడు ఇదే వ్యాపారంలోకి దిగుతూ, "చిన్నాయినా, నాలుగు ముక్కలు జెప్పరాదు" అన్నాడు. లైసెన్సుల సంగతి, పన్నుల సంగతి ఆడిటర్ చెప్తాడు. ఆడిటర్‌కు తెలియనివి రాస్తున్నాను.

దుకాణాల మధ్య

మా నాయినది మేడ్చల్ బజార్లో కిరాణం. మేనమామది రెండు దుకాణాల అవతల స్టీలు గిన్నెల దుకాణం. ఎదురుగా పెద్దనాయినది బట్టల కొట్టు. మా ఇళ్లలో ఎవరూ దేన్నీ అడిగిన ధరకు కొని ఎరగరు. నా పెళ్లి ముహూర్తం కూడా పంతులుతో కాస్త అటూ ఇటూ బేరమాడే పెట్టారు. నేను అంతకంటే ఘనుణ్ణి. జ్వరమొచ్చి ఆసుపత్రికి పోతే, సూదులు కొన్ని తగ్గించమని డాక్టర్‌ను అడిగాను. ఆయన నవ్వాడు గానీ తగ్గించలేదు. ఇప్పటికీ ఆ బేరం ఓడిపోయిన బేరాల్లోనే ఉంది నాకు.

కిరాణంలో కూర్చోవడం నాకు పడలేదు. చింతపండు బేరంలో దెబ్బలాట లేదు. అందుకని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కిషన్ సేఠ్ దగ్గర పనికి చేరాను. ఆయనకు ముందు వైపు స్పేర్ పార్టుల కౌంటర్, వెనక వైపు గ్రైండింగ్ షెడ్డు. కోపిష్ఠి, పిసినారి కూడా. టీ కూడా సగం కప్పే తెప్పించేవాడు. కానీ సామాను చేతిలో పట్టుకుంటే అది ఎక్కడ తయారైందో చెప్పగలడు. నేను చేరిన మొదటిరోజు ఒక రైతు వచ్చి వాటర్ పంప్ కావాలన్నాడు. నేను ఉత్సాహంగా అరలోంచి కొత్త డబ్బా తీసి ముందు పెట్టాను. సేఠ్ నా చేతి మీద ఒక్కటి కొట్టాడు.

"ఆయన పాతది జూసినవా? ముందుగాల పాతది చేతిల వట్టుకో. అది ఎట్ల సచ్చిందో అదే చెప్తది. అటెన్క కొత్తది అమ్ము."

నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. సొంత దుకాణం పెట్టుకున్నాక, సరిగ్గా అవసరమైన రోజున మర్చిపోయిందీ అదే. ఆ సంగతి తర్వాత.

కొత్తదనే మాటలో

కొత్తది అనే మాటలో రెండు రకాల సామాన్లు దాక్కుని ఉంటాయి. ఒకటి ట్రాక్టర్ చేసిన కంపెనీయే ఇచ్చేది. రెండోది అచ్చం అలాంటి డబ్బాలో, అలాంటి రంగులో, ఎవరు చేశారో ఎవరికీ తెలియనిది. దాన్ని బయట డూప్లికేట్ అంటారు. కౌంటర్ మీద మేం "లోకల్ కంపెనీ" అంటాం. దాని మీద లాభం ఎక్కువ. అందుకే దాన్ని చూపించేటప్పుడు మా గొంతు కాస్త తియ్యగా ఉంటుంది. కొనేవాళ్లు డబ్బా మీద అక్షరాలు చదవడం కాదు, ఆ గొంతును వినడం నేర్చుకోవాలి.

రీకండిషన్ది అంటే, అరిగిన ఒరిజినల్ సామానును బాగు చేసి మళ్లీ పనికి తెచ్చింది. మంచి ఉక్కుతో పుట్టిన పాత సామాను, సరిగ్గా బాగు చేస్తే, ఆ రెండో రకం కొత్తదాని కంటే ఎక్కువ కాలం వస్తుంది. ఇది చెప్పడానికి నాకు ఇష్టం ఉండేది కాదు. కానీ నిజం.

ఇందులో మళ్లీ రెండు దారులు. మీ సామాను మీకే బాగు చేసి ఇవ్వడం ఒకటి. దానికి లైన్లో ఆగాలి. మీది అక్కడ వదిలేసి, అప్పటికే బాగు చేసి పెట్టిన ఇంకొకరి సామాను పట్టుకుపోవడం రెండోది. దీన్ని ఎక్స్ఛేంజ్ అంటాం. సీజన్లో అందరూ ఎక్స్ఛేంజే అడుగుతారు. వర్షం పడ్డాక ఎవరు ఆగుతారు?

తెల్ల చొక్కా

సత్తెమ్మ తుర్కపల్లి పక్క ఊరి మనిషి. భర్త పోయాక పాత ట్రాక్టర్ ఆమె చేతికి వచ్చింది. నడిపేది మరిది యాదగిరి. శామీర్‌పేట చెరువు కింద నాట్లకు ముందు పొలాలను దున్ని బురద చేసే పని, అంటే కరిగెట, ఏటా ఆ బండిదే. ఆ కిరాయిల మీదే వాళ్ల ఇల్లు నడుస్తుంది. ఆ ఏడు పక్క ఊళ్లో ఒకాయన కొత్త ట్రాక్టర్ దించాడు. సరిగ్గా అప్పుడే, నాట్ల ముందు, సత్తెమ్మ బండి ఇంజన్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. కిరాయి ఒక్కసారి చెయ్యి మారితే మళ్లీ రాదు. రైతు తనకు అలవాటైన బండినే పిలుస్తాడు; కొత్త బండి అలవాటు కావడానికి ఒక్క సీజన్ చాలు.

పోయింది క్రాంక్. ఇంజన్ కడుపులో తిరిగే బరువైన ఉక్కు కడ్డీ అది. దాని మీద గీతలు పడితే కాస్త అరగదీసి నున్నగా చేసి, అరిగినంత మేర మందంగా ఉండే బేరింగులు వేస్తారు. అలా మూడుసార్లు చేయవచ్చు. ఆ తర్వాత అది తూకం ఇనుమే.

యాదగిరి, మెకానిక్ జబ్బార్ భాయ్ ఇద్దరూ దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నా దుకాణానికి వచ్చారు.

"సేటూ, ఎక్స్ఛేంజ్ దొర్కుతదా? ఎల్లుండికి బండి పొలంల ఉండాలె. లేకుంటె గా కొత్త ట్రాక్టరోడు అందరి కరిగెట్లు వట్టుకుంటడు," అన్నాడు యాదగిరి.

కిషన్ సేఠ్‌కు ఫోన్ చేశాను. ఉంది, పంపు అన్నాడు. అంత తొందరగా ఆయన దేనికీ ఒప్పుకోడు. అప్పుడే అనుమానం రావాల్సింది. గోనెసంచి విప్పి పాతదాన్ని చేతిలోకి తీసుకోవాల్సింది కూడా. కానీ అది నిండా నల్ల ఆయిల్‌తో ఉంది. నేనేమో ఆ రోజు తెల్ల చొక్కా వేసుకున్నాను. ఇంత పాత బండి క్రాంక్ ఇప్పటికే రెండుసార్లయినా అరిగి ఉంటుందిలే అనుకుని, జబ్బార్‌ను ట్రాలీ ఆటోలో రాణిగంజ్ పంపించాను.

సాయంత్రానికి జబ్బార్ తళతళలాడే క్రాంక్‌తో తిరిగొచ్చాడు.

"బేరింగులియ్యి సేఠ్. థర్టీ సైజ్."

థర్టీ అంటే ఆఖరి సైజ్. ఇంకోసారి అరగదీయడానికి వీల్లేనిది. అయినా పాతది కూడా అలాంటిదే కదా అనుకుని అర దగ్గరికి వెళ్లాను. అప్పుడే సత్తెమ్మ బస్సు దిగి వచ్చింది. వచ్చీ రాగానే కొంగు నడుముకు చెక్కుకుని, బల్ల మీదున్న క్రాంక్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఏంది గిది?"

"నీ బండిదే అక్కా. అద్దం లెక్క జేసిచ్చిండ్రు," అన్నాను.

"నాదైతె నా పేరేది?"

యాదగిరి తల పట్టుకున్నాడు. "వదినా, మళ్ల షురూ జేసినవా! క్రాంక్ మీద పేరుంటదా?"

"ఉండె. నేనే కొట్టిచ్చిన. గీ సేటు మామ దుకాణంలనే కొట్టిచ్చిన."

నాకు గుర్తొచ్చింది. మా దగ్గర స్టీలు గిన్నె కొంటే దుకాణంలోనే పేరు చెక్కి ఇస్తారు. పెళ్లిళ్లకూ చావులకూ గిన్నెలు ఇంటింటికీ తిరుగుతాయి. పేరు లేనిది తిరిగి ఇల్లు చేరదు. చాలా ఏళ్ల కింద ఒకావిడ ఇంజన్ సామాను మోసుకొచ్చి దాని మీద కూడా పేరు చెక్కమందని మా మామ అన్నం తింటూ చెప్తే, అందరం పొరబోయేలా నవ్వాం. నేను మరీ ఎక్కువ నవ్వాను.

"భాయ్, అప్పుడు ఇంజన్ విప్పింది నువ్వేనా?" అని జబ్బార్‌ను అడిగాను.

"నేనే సేఠ్. రింగులు మార్చినం."

"బేరింగులు ఏ సైజ్ ఏసినవ్?"

జబ్బార్ బీడీ నోట్లోంచి తీశాడు. "స్టాండర్డ్," అన్నాడు మెల్లగా. "దాన్ని ఎన్నడు గ్రైండింగ్ చెయ్యలె."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా క్రాంక్ వైపు చూశాం. ఒక్కసారి కూడా అరగని దాన్ని ఇచ్చి, ఇక అరగడానికి ఏమీ మిగలని దాన్ని తెచ్చుకున్నాం. అదీ నా ఫోన్ మీద.

"ఇగ గిదే ఎక్కియ్యి భాయ్," అన్నాడు యాదగిరి. "గీ సీజన్ వెళ్తె సాలు."

"సీజన్ వెళ్తది. వచ్చే ఏడు?" అంది సత్తెమ్మ. "వచ్చే ఏడు మళ్ల కొట్టుకుంటె నువ్వు కొత్త ట్రాక్టరోని దగ్గర జీతముంటవా?"

ఆ మాట యాదగిరికి గట్టిగానే తగిలింది. భూమి అన్న పేరు మీద ఉండేది, ఇప్పుడు వదిన పేరు మీద ఉంది. అతనికంటూ ఉన్నది ఆ స్టీరింగే.

"పొద్దుగాల పోదాం సేటూ," అంది ఆమె నాతో. "ఇయ్యాల నువ్వు ఫోన్ జేసినవ్ గద, రేపు మనిషివి రా."

గిన్నె మారింది

ట్రాలీ ఆటోలో డ్రైవర్ పక్కన సత్తెమ్మ కూర్చుంది. వెనకాల క్రాంక్‌తో పాటు నేను. దారి పొడుగునా ఆమెకు పాఠం చెప్పాను. పాత గురువు దగ్గరికి పోతున్నాం, మాట నాకు వదిలెయ్, నీ సామాను కనబడినా కనబడనట్టు ఉండాలి, కావాలన్నట్టు తెలిస్తే ధర పెరుగుతుంది అని. ఆమె "గట్లనే సేటూ" అంటూ తలూపింది.

కిషన్ సేఠ్ నన్ను చూసి, "అరే, బలిసినవ్ రా" అని సగం టీ తెప్పించాడు. నేను ఎండల గురించి, ఆయన మోకాళ్ల గురించి, నాట్ల గురించి మాట్లాడాను. బేరానికి బేస్‌మెంట్ వేస్తున్నానన్నమాట. మెల్లగా అసలు సంగతి వైపు నడుస్తుండగా, వెనక షెడ్డులోంచి ఒక కేక వినబడింది.

"గిదే నాది! సేటూ, గిదే! సత్తెమ్మ అని రాసున్నది!"

సేఠ్‌కూ నాకూ మధ్య సగం కట్టిన బేరం అక్కడే కూలిపోయింది. వెళ్లి చూస్తే, ఆమె క్రాంక్ మిగతా పాత క్రాంకుల కుప్పలో లేదు. డీజిల్‌తో కడిగి, శుభ్రంగా తుడిచి, విడిగా పలక మీద పెట్టి ఉంది. దాని విలువ సేఠ్‌కు తెలిసిపోయిందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

"ఎక్స్ఛేంజ్ అంటె ఎక్స్ఛేంజే అమ్మా," అన్నాడు సేఠ్. "ఇచ్చిండ్రు, తీస్కున్నరు, ఖతం. రాణిగంజ్ మొత్తం గిదే కాయిదా."

"మీ ఇంట్ల లగ్గాలు గావా సేటూ?"

"అయితయ్. అయితే?"

"లగ్గంల గిన్నె మారితె ఏం జేస్తరు? పేరు సూసి వాపస్ ఇయ్యరా? లేకుంటె ఇచ్చిండ్రు, తీస్కున్నరు, ఖతం అంటరా?"

కౌంటర్ దగ్గర సామాన్ల కోసం వచ్చిన మనుషులు ఉన్నారు. వాళ్లలో ఒకాయన, "పేరుంటె ఇయ్యాలె సేఠ్, గిన్నె గిన్నెనే" అన్నాడు. సేఠ్ నావైపు చూశాడు. నువ్వు నేర్పించావా ఇదంతా అన్నట్టు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. నిజానికి నాకు నేర్పించేంత తెలివి ఉంటే అప్పటికే రాణిగంజ్‌లో నాకే షెడ్డు ఉండేది.

"సరే తీస్కపో," అన్నాడు చివరికి. "గానీ గ్రైండింగ్‌కు లైన్ల పెట్టాలె. సీజన్ గదా, మూడు నాలుగు రోజులైతది. లైన్ తప్పియ్య."

"తప్పియ్యకు. నేను గీడ్నే కూసుంట," అంది సత్తెమ్మ. కౌంటర్ పక్కనున్న స్టూల్ లాక్కుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఊరికే కూర్చుంటే సేఠ్ ఎన్ని రోజులైనా భరించేవాడే. ఎక్స్ఛేంజ్ కోసం లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, చాలా ఆప్యాయంగా, "బిడ్డా, నీ దాని మీద పేరు కొట్టిచ్చినవా? ఏ సైజ్ ఇస్తున్నవో సూసుకున్నవా?" అని అడగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఇద్దరు ఎక్స్ఛేంజ్ వద్దని, తమది తమకే చేసి ఇమ్మన్నారు. ఒకాయన సంచి విప్పకుండానే తిరిగి వెళ్లిపోయాడు. సేఠ్ మిషన్ దగ్గరికి వెళ్లి తన మనిషి చెవిలో ఏదో చెప్పాడు. చీకటి పడకముందే సత్తెమ్మ క్రాంక్, మొదటిసారి అరగదీసి, నున్నగా తయారై వచ్చింది.

"మళ్ల ఎన్నడన్న పనుంటె," అన్నాడు సేఠ్ నాతో, "ఫోన్ చెయ్. ఆమెను తోల్కరాకు."

బండి పొలంలోకి దిగేసరికి కొత్త ట్రాక్టర్ ఆయన కొన్ని కరిగెట్లు పట్టుకున్నాడు. వాటిలో కొన్ని మళ్లీ రాలేదు. మిగతావాళ్లు ఆగారు. యాదగిరి ఆ సీజన్ మొత్తం నాతో సరిగ్గా మాట్లాడలేదు. పోయిన కిరాయిలు అతనికి కనబడుతున్నాయి. ఇంకా రెండుసార్లు అరగదీయడానికి మిగిలిన ఉక్కు ఇంజన్ లోపల ఉంది, అది ఎవరికీ కనబడదు. మన వ్యాపారంలో కష్టం అంతా ఇక్కడే. మంచి సలహా ఇచ్చినప్పుడు నష్టం ముందు కనబడుతుంది.

నా లెక్క

ఆ తర్వాత నేను గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ ఒకటి కొని దుకాణంలో పెట్టాను. బాగు చేయించడానికి వచ్చే ప్రతి సామాను మీద పేరు ఉచితం. పక్క దుకాణం ఆయన, "ఇగ పెండ్లి గిన్నెలు గూడ అమ్ముతవా?" అని వెక్కిరించాడు. కొన్నాళ్లకు ఆయనా కొన్నాడు. ఆయన అక్షరాలు నా కంటే గుండ్రంగా ఉండేవి. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఇక అబ్బాయి అడిగిన ప్రశ్నకు నా జవాబు. మనిషి ప్రాణం దేని మీద వేలాడుతుందో అక్కడ కొత్తదే వేయాలి, అదీ కంపెనీదే: బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, ట్రాలీని తగిలించే పిన్ను. అతుకు పెట్టిన పిన్ను చవగ్గా ఇవ్వమని ఎంత పెద్ద మనిషి అడిగినా నేను ఇవ్వలేదు. ఆయిల్ సీళ్లు, ఫిల్టర్లు కొత్తవే. వాటిని బాగు చేయడమంటే కడగడమే. క్రాంక్, డీజిల్ పంపు, గేర్ బాక్సు లాంటి బరువైన సామాన్లు ఒరిజినల్ అయితే బాగు చేయించాలి. మీది మీకే. తొందర మీద ఎక్స్ఛేంజ్ తీసుకుంటే, ఇచ్చేదాన్నీ తీసుకునేదాన్నీ రెండింటినీ కొలవాలి. లోకల్ కంపెనీ కొత్తది ఎప్పుడు వేయాలంటే, బండి అమ్మేయాలనుకున్నప్పుడు. కొనేవాళ్లు నన్ను తిట్టుకోవచ్చు, కానీ అందరూ చేసేది అదే.

బండి ఎంత పాతది అని అడగకండి. ఇంకెంత పని మిగిలింది, ఏ పని మిగిలింది అని అడగండి. శామీర్‌పేట రోడ్డు మీద పొలాలు ప్లాట్లయ్యాక, భూమి అమ్మినవాళ్లు కొందరు నా దగ్గరికొచ్చి నాయిన జ్ఞాపకమని పాత ట్రాక్టర్‌కు అన్నీ కొత్తవి వేయించారు. రంగు వేయించి ఇంటి ముందు నిలబెట్టారు. అది దున్నడానికి ఎకరం కూడా లేదు. వాళ్లకు అన్నీ అమ్మాను. బేరం ఆడలేదు వాళ్లు. అందుకేనేమో ఆ అమ్మకాల్లో నాకు రుచి తెలియలేదు.

ఆఖరి సైజ్ తర్వాత

సత్తెమ్మ బండి చాలా ఏళ్లు నడిచింది. క్రాంక్‌ను రెండోసారి అరగదీశారు, మూడోసారి అరగదీశారు. ప్రతిసారీ తనది తనకే. ఈలోగా తుర్కపల్లి చుట్టూ మందుల ల్యాబులు వచ్చాయి. ఆమె ఊళ్లో పొలాలు చాలావరకు చేతులు మారాయి. కరిగెట్లు తగ్గాక యాదగిరి నీళ్ల ట్యాంకర్ తగిలించుకుని నాగారం కాలనీలకు తిప్పడం మొదలుపెట్టాడు. ఎండాకాలంలో అదే పెద్ద పని.

నేను దుకాణం అప్పజెప్పే ఆలోచనలో ఉన్న రోజుల్లో వదినా మరుదులు ఇద్దరూ వచ్చారు. ఇంజన్ మళ్లీ కొట్టుకుంటోంది. గోనెసంచి విప్పి క్రాంక్ చేతిలోకి తీసుకున్నాను. తెల్ల చొక్కాలు వేసుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆయిల్ తుడిస్తే, అరగదీసే మిషన్ తగలని చోట మా మామ దుకాణంలో కొట్టిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. కొలిచి చూస్తే ఇక తీయడానికి ఏమీ లేదు.

"అక్కా, గిది అయిపోయింది. ఒరిజినల్ రీకండిషన్ది మంచిదొకటి ఉంది. నేనే కొలిచి పెట్టిన, ట్వంటీ సైజ్, ఇంకోసారి అరగదీయొచ్చు, నమ్మకంగా తీస్కపో."

"కొత్తది ఇయ్యి. కంపెనీది."

"బండి పాతది గదక్కా. దానికి గంత అవుసరమా?"

"బండి పాతది. నడిపెటోడు పాతోడు గాదు గద."

ధర చెప్పాను. ఆమె మారుమాట లేకుండా సంచిలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్లలో నన్ను భయపెట్టిన సంఘటనలు కొన్నే. ఇది వాటిలో ఒకటి. ఎక్కడో మోసపోయానని తెలుస్తోంది కానీ ఎక్కడో తెలియడం లేదు. ఏం చేయాలో తోచక పేర్లు కొట్టే మిషన్ తీసి, "స" మొదలుపెట్టబోయాను.

"ఆగు సేటూ. యాదగిరి అని కొట్టు."

యాదగిరి రోడ్డు మీద లారీని చూస్తున్నవాడల్లా ఇటు తిరిగాడు. "నా పేరెందుకు వదినా? బండి నీ పేరు మీదున్నది గద."

"కాగితాల సంగతి అటెన్క జూద్దాం. రేపు గిది యాడ్నన్న మారితె ఎవరు పోయి తెచ్చుకోవాలె? నేను పోయి స్టూల్ మీద కూసోవాలెనా? మోకాళ్లు వంగుతలెవ్వు. కొట్టు సేటూ."

కొట్టాను. కొత్త ఉక్కు, గట్టిగా ఉంది. అక్షరాలకు కాస్త సమయం పట్టింది. యాదగిరి వంగి చూశాడు. "గి" సరిగ్గా పడలేదన్నాడు. మళ్లీ దిద్దాను. అతను దాన్ని గోనెసంచిలో చుట్టుకుని, ఎవరి సాయం తీసుకోకుండా ఆటో వరకు మోసుకుపోయాడు.

సత్తెమ్మ కదల్లేదు. బల్ల మీద మిగిలిన పాత క్రాంక్‌ను కొంగుతో ఒకసారి తుడిచింది. తర్వాత స్టూల్ లాక్కుని కూర్చుంది.

"ఇగ జెప్పు సేటూ. గీ పాత ఇనుముకు ఎంతిస్తవ్?"

నాకు ఊపిరాడింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.